ఆంధ్ర ప్రదేశ్ గిరిజన ప్రాంతాలలో పర్యాటకం

ఆంధ్ర ప్రదేశ్ గిరిజన ప్రాంతాలలో పర్యాటకం అనగా రాష్ట్రంలోని ఆదివాసీ తెగలు నివసించే కొండలు, అడవులు, సముద్ర తీర ప్రాంతాలలో ప్రకృతి దృశ్యాల కోసం, అక్కడి ప్రజల కళలు, ఆహారం, పండుగలు, జీవన విధానం చూడటం కోసం సాగే పర్యాటకం. దీనికి సంబంధించిన ప్రభుత్వ విధానాలు, భూమి చట్టాలు కూడా ఈ విషయంలో భాగమే. అరకు లోయ, బొర్రా గుహలు, పాపికొండలు, నల్లమల అడవులు ఇందులో బాగా పేరు పొందిన ప్రదేశాలు. నెల్లూరు తీరంలోని పులికాట్ సరస్సు, శ్రీహరికోట పరిసరాలు యానాదుల నివాస ప్రాంతాలే అయినప్పటికీ, వాటిని గిరిజన పర్యాటకంలో భాగంగా పేర్కొనడం అరుదు.

ఈ విషయంలో ప్రధానమైన ప్రశ్న ఒకటి. చూడటానికి వచ్చేవారి వల్ల కలిగే ఆదాయం ఎవరికి చెందాలి, ఏది చూపాలో ఏది చూపకూడదో నిర్ణయించే అధికారం ఎవరిది? చట్టాలు దీనికి కొంతవరకే సమాధానం ఇస్తాయి. ఆ సమాధానం కూడా మన్యంలో ఒక విధంగా, నెల్లూరు వంటి మైదాన జిల్లాలలో మరొక విధంగా ఉంటుంది.

పదాలు, పరిధి

భారత రాజ్యాంగంలో "ఆదివాసీ" లేదా "మూలవాసీ" అనే మాట లేదు. అందులో ఉన్నది "షెడ్యూల్డు తెగలు" అనే మాట. తెలుగులో వీరిని గిరిజనులు అని పిలవడం వాడుకలో ఉంది. కొండలలో కాక మైదానంలోను, సముద్రం ఒడ్డున నివసించే యానాదులను కూడా గిరిజనులనే అంటారు కనుక ఈ పేరు అంతగా అతకదు. ఐక్య రాజ్య సమితి 2007 సెప్టెంబరు 13న ఆమోదించిన మూలవాసీ ప్రజల హక్కుల ప్రకటనకు భారత దేశం అనుకూలంగా ఓటు వేసింది. కాని స్వాతంత్ర్యం తరువాత దేశ ప్రజలందరూ ఇక్కడి మూలవాసులేనన్నది భారత ప్రభుత్వ వైఖరి. అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 107వ ఒప్పందాన్ని భారత్ 1958లో అంగీకరించింది. దాని స్థానంలో 1989లో వచ్చిన 169వ ఒప్పందాన్ని అంగీకరించలేదు. కనుక ఇక్కడ ఆదివాసీ హక్కుల చర్చ దేశీయ చట్టాల చుట్టూనే, అందులోను భూమి చుట్టూనే తిరుగుతుంది.

చట్టాల నేపథ్యం

మన్యం ప్రాంతాలను ప్రత్యేకంగా పరిపాలించే పద్ధతి బ్రిటిషు వారి కాలం నాటిది. 1839లో గంజాం, విశాఖపట్నం ఏజెన్సీ చట్టం వచ్చింది. "ఏజెన్సీ" అనే పేరు అప్పటినుండి నేటి వరకు వాడుకలో నిలిచింది. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల భూ బదిలీ చట్టం చేసి, కొండ తెగల వారి భూమి ఇతరులకు పోకుండా కొంత అడ్డుకట్ట వేసింది.

రాజ్యాంగంలోని 5వ షెడ్యూలు ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాలకు నిబంధనలు చేసే అధికారం గవర్నరుకు ఉంది. ఆ అధికారంతోనే ఆంధ్ర ప్రదేశ్‌లో 1959లో 1వ రెగ్యులేషను వచ్చింది. దానిని 1970లో మరొక 1వ రెగ్యులేషను ద్వారా సవరించారు. వాడుకలో "1/70 చట్టం" అని పిలిచేది దీనినే. దీని ప్రకారం షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయడం చెల్లదు. బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. తనఖా, కౌలు, దానం, మార్పిడి కూడా బదిలీ క్రిందికే వస్తాయి. గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి అంతకు ముందు గిరిజనునిదేనని చట్టం భావిస్తుంది. కాదని నిరూపించుకోవలసిన బాధ్యత ఆ గిరిజనేతరునిదే. ఈ రెగ్యులేషను చెల్లుబాటును సుప్రీంకోర్టు 1988లో పి.రామిరెడ్డి కేసులో సమర్థించింది.

పర్యాటక రంగంపై ఈ చట్టం ప్రభావం స్పష్టం. అరకు వంటి చోట బయటి నుండి వచ్చిన వ్యాపారి భూమి కొని హోటలు కట్టడానికి చట్టరీత్యా వీలు లేదు, కౌలుకు తీసుకోవడానికీ వీలు లేదు. ఊటీ, కొడైకెనాల్ వంటి వేసవి విడిదులలో జరిగిన విధంగా కొండల మీది భూమి చేతులు మారడాన్ని ఇక్కడ బహిరంగంగా జరగకుండా ఆపినది ఈ చట్టమే. బినామీ పేర్లతో జరిగే వ్యవహారాలు వేరే సంగతి.

1996లో పార్లమెంటు చేసిన పంచాయితీల విస్తరణ చట్టం (పెసా) గ్రామసభకు మరికొన్ని అధికారాలు ఇచ్చింది. ప్రజల ఆచార సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును, ఉమ్మడి వనరులను కాపాడుకునే సామర్థ్యం గ్రామసభకు ఉందని ఆ చట్టం స్పష్టంగా చెబుతుంది. భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలి. రాష్ట్రంలో దీనికి అనుగుణంగా 1998లో పంచాయితీ రాజ్ చట్టాన్ని సవరించారు. అమలుకు అవసరమైన నియమాలు రావడానికి 2011 వరకు పట్టింది. అరకు లోయ పర్యాటక కేంద్రంగా బాగా పెరిగినది సరిగ్గా ఈ మధ్య కాలంలోనే.

2006 నాటి అటవీ హక్కుల చట్టం 2007 డిసెంబరు 31 నుండి అమలులోకి వచ్చింది. అందులో ఒక చిన్న వివరం పర్యాటకానికి సంబంధించినది. గ్రామసభ సిఫారసు మీద ఒక హెక్టారు లోపు అటవీ భూమిని బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, చెరువు, రోడ్డు వంటి 13 రకాల సౌకర్యాలకు కేటాయించవచ్చు. ఆ 13లో పర్యాటకుల విడిది లేదు.

బొర్రా గుహలు, సమతా తీర్పు

బొర్రా గుహలు అనంతగిరి మండలంలో, విశాఖపట్నం నుండి అరకు వెళ్ళే దారిలో ఉన్నాయి. ఇవి సముద్ర మట్టానికి సుమారు 705 మీటర్ల ఎత్తున సున్నపురాతిలో ఏర్పడిన గుహలు. గోస్తనీ నది ఇక్కడి నుండే వస్తుంది. వీటిని 1807లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ జార్జ్ కనుగొన్నాడని అనేక పుస్తకాలు, పర్యాటక పత్రాలు వ్రాస్తాయి. కాని ఆ సంస్థ ఏర్పడినది 1851లో. కనుక ఈ తేదీని నమ్మడం కష్టం. పైగా స్థానికుల కథ ప్రకారం మేతకు వెళ్ళిన ఆవు ఒకటి గుహ పై కన్నం నుండి లోపల పడింది. దానిని వెదుకుతూ వెళ్ళిన కాపరి లోపల శివలింగం ఆకారంలోని రాయిని చూశాడు. ఇక్కడ శివరాత్రికి జాతర జరుగుతుంది. దొర వచ్చి కనుగొనే నాటికే ఆ గుహ అక్కడి వారికి గుడి అన్నమాట.

ఈ ప్రాంతపు సున్నపురాయి, కాల్సైట్ ఖనిజాల కోసం ప్రభుత్వం ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ఇది చెల్లదని "సమతా" అనే స్వచ్ఛంద సంస్థ న్యాయస్థానానికి వెళ్ళింది. హైకోర్టు ఆ వాదనను త్రోసిపుచ్చగా, సుప్రీంకోర్టు 1997 జూలై 11న మెజారిటీ తీర్పుతో దానిని ఆమోదించింది. ముగ్గురు న్యాయమూర్తులలో కె.రామస్వామి, ఎస్.సగీర్ అహ్మద్ ఒక వైపు, జి.బి.పట్నాయక్ మరొక వైపు నిలిచారు.

తీర్పులోని ముఖ్యాంశం 1/70 చట్టంలోని "వ్యక్తి" అనే మాటకు చెప్పిన అర్థం. వ్యక్తి అంటే ప్రభుత్వం కూడా అని, కనుక ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని న్యాయస్థానం తేల్చింది. ప్రభుత్వ రంగ సంస్థలు లేదా గిరిజనుల సహకార సంఘాలు గనులు నడపవచ్చునని చెప్పింది. నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు మంచినీరు, బడులు, ఆసుపత్రులు, పారిశుద్ధ్యం, రోడ్ల వంటి వాటి కోసం శాశ్వత నిధిగా కేటాయించాలని కూడా సూచించింది.

ఈ తీర్పు గనుల గురించినదే అయినా దాని నీడ పర్యాటకం మీద పడింది. గనులు వెళ్ళిపోయిన చోట మిగిలిన ఆదాయ వనరు గుహలే. వాటి నిర్వహణ, టిక్కెట్ల వసూలు రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ చేతిలో ఉన్నాయి. అది ప్రభుత్వ సంస్థ కనుక తీర్పులోని నిషేధం దానికి వర్తించదు. అయితే గని లాభంలో ఐదవ వంతు స్థానికులకు చెందాలని చెప్పిన తర్కం గుహ చూడటానికి వచ్చేవారు చెల్లించే రుసుముకు మాత్రం ఎందుకు వర్తించదన్న ప్రశ్న అప్పటి నుండి ఉన్నది. బొర్రా పరిసర గ్రామాల వారు గుహల వద్ద గైడులుగా, చిరు వ్యాపారులుగా జీవనోపాధి పొందుతున్నారు. ఉపాధి వేరు, ఆదాయంలో హక్కుగా వచ్చే వాటా వేరు. ఈ రెండింటినీ ఒకటిగా చూపడం విధాన పత్రాలలో తరచుగా కనిపించే అలవాటు.

అరకు లోయ

అరకు లోయ సముద్ర మట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ తరువాత అరకు, అనంతగిరి మండలాలు పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరాయి. బగత, కొండదొర, వాల్మీకి, కోటియ, పోర్జ, గదబ, ఖోండు మొదలైన తెగల వారు ఇక్కడ నివసిస్తారు. 1960లలో వేసిన కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం బైలాడిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తరలించడానికి ఉద్దేశించినది. సొరంగాల గుండా సాగే ఆ ప్రయాణమే తరువాత ఒక ఆకర్షణగా మారింది. 2017 ఏప్రిల్‌లో అద్దాల పైకప్పు గల విస్టాడోమ్ పెట్టెను ఈ మార్గంలో ప్రవేశపెట్టారు. ఇక్కడి పద్మాపురం ఉద్యానవనం రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించడం కోసం మొదలైనది.

అరకులో గిరిజన మ్యూజియం ఉంది. వ్యవసాయ పనిముట్లు, వేట పరికరాలు, నగలు, పెళ్ళి, సంత వంటి దృశ్యాల బొమ్మలు అందులో చూడవచ్చు. మ్యూజియం బయట అదే పనిముట్లతో పని చేసుకునే మనుషులు ఉండటం, లోపల వారి బొమ్మలు ఉండటం చూసేవారికి కొంత వింతగా తోచే విషయం.

థింసా నృత్యం

అరకు పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేది థింసా. స్త్రీలు ఒకరి వెనుక ఒకరు చేతులు వేసి గొలుసుగా ఏర్పడి, అడుగులు కలుపుతూ, వంగి లేస్తూ వలయంగా తిరుగుతారు. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు దీని వాద్యాలు. చైత్ర మాసంలో వచ్చే ఇటుకల పండుగకు, పెళ్ళిళ్ళకు ఈ నృత్యం చేస్తారు. ఒక ఊరివారు మరొక ఊరికి వెళ్ళి ఆడటం, అక్కడ విందు తినడం స్నేహానికి గుర్తు.

థింసాలో అనేక రకాలు కలవు. బోడ థింసా గ్రామ దేవతకు సంబంధించినది. పొతర్ తోల థింసా ఆకులు ఏరే పనిని సూచిస్తుంది. బాగ్ థింసా పులి దాడి నుండి తప్పించుకోవడాన్ని చూపుతుంది. కుండ థింసాలో నర్తకులు భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటారు. నాటికారి థింసా దీపావళికి వాల్మీకులు ఒంటరిగా చేసేది. బాయ థింసా దేవత పూనిన గురువుకు సంబంధించినది.

పర్యాటకుల కోసం సాయంత్రం పూట విడిది గృహాల ఆవరణలో జరిగే ప్రదర్శనలో ఈ తేడాలు సాధారణంగా కనిపించవు. అతిథులు వచ్చి గొలుసులో కలవడానికి వీలుగా ఉండే సులభమైన అడుగులు మిగులుతాయి. ఋతువుతోను, దేవతతోను, పనితోను ముడిపడిన నృత్యం సంవత్సరం పొడవునా ఒకే రకంగా, గంట లెక్కన జరుగుతుంది. అయితే దీనిని కేవలం నష్టంగా చూడటం కూడా సరి కాదు. ప్రదర్శనల వల్ల థింసా బృందాలు నిలిచాయి, స్త్రీల చేతికి నేరుగా డబ్బు వచ్చింది, రాష్ట్ర ఉత్సవాలలో ఈ నృత్యానికి స్థానం దక్కింది. బాయ థింసా వంటి పూనకపు నృత్యాన్ని వేదిక ఎక్కించాలా వద్దా అనేది మాత్రం పెసా చట్టం మాటలలో చెప్పాలంటే గ్రామసభ తేల్చవలసిన విషయం. ఆచరణలో దానిని కార్యక్రమ నిర్వాహకులే తేలుస్తారు.

కాఫీ, బొంగులో చికెన్

అరకు కాఫీకి 2019లో "అరకు వ్యాలీ అరబికా" పేరుతో భౌగోళిక గుర్తింపు లభించింది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, నాంది ఫౌండేషన్ ఈ కాఫీని కొని అమ్మే వారిలో ముఖ్యులు. 2017లో పారిస్‌లో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. భూమి గిరిజనుల పేరు మీదనే ఉండటం వలన ఇక్కడ లాభం కొంతైనా పెంపకందారులకు చేరుతుంది. దీనికి భిన్నమైనది బొంగులో చికెన్. పచ్చి వెదురు బొంగులో మాంసం కూరి, ఆకుతో మూసి, నిప్పుల మీద కాల్చే ఈ వంట మన్యం నుండి వచ్చినదే. నేడు అది రోడ్డు ప్రక్కన బండ్ల నుండి హైదరాబాదు హోటళ్ళ వరకు విస్తరించింది. వంటకు పట్టా ఉండదు కనుక దాని పేరు మీద మన్యానికి వచ్చేదేమీ లేదు. కొనే వెదురుకు మాత్రం గిరాకీ ఉంటుంది.

పాపికొండలు, నల్లమల

గోదావరి మీద పాపికొండల పడవ ప్రయాణం కొండరెడ్ల గ్రామాల మీదుగా సాగుతుంది. పేరంటాలపల్లిలో పడవలు ఆగినప్పుడు కొండరెడ్లు తాము చేసిన వెదురు వస్తువులు అమ్ముతారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి పెద్ద ప్రాణ నష్టం జరిగిన తరువాత విహారాలు చాలా కాలం ఆగిపోయాయి. పోలవరం ప్రాజెక్టు ముంపు ఈ ప్రాంతానికి అంతకంటే పెద్ద సమస్య. చూడటానికి వచ్చే ఊళ్ళే మిగలని స్థితి అది.

నల్లమలలో చెంచులు ముఖ్యులు. వీరిది ప్రత్యేకించి వెనుకబడిన గిరిజన సమూహాలలో ఒకటి. శ్రీశైల మల్లన్నను చెంచులు తమ అల్లుడిగా భావించి "చెంచు మల్లయ్య" అని పిలుచుకుంటారు. శ్రీశైలంలో చెంచులక్ష్మి పేరుతో గిరిజన మ్యూజియం ఉంది. నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యంలో బైర్లూటి వంటి చోట్ల అటవీ శాఖ నడిపే విడిదులలో చెంచు యువకులు గైడులుగా పనిచేస్తున్నారు. అయితే కర్నూలు, ప్రకాశం వైపు చెంచు గూడేలు షెడ్యూల్డు ప్రాంతంలో లేవు. తెలంగాణ వైపు అమ్రాబాద్ గూడేలు ఉన్నాయి. ఒకే తెగ, ఒకే అడవి, కృష్ణకు ఇరువైపులా వేరు వేరు హక్కులు.

నెల్లూరు తీరం, యానాదులు

ఆంధ్ర ప్రదేశ్ షెడ్యూల్డు తెగలలో జనాభా రీత్యా అతి పెద్ద సమూహాలలో యానాదులు ఒకరు. 2011 జనాభా లెక్కలలో వీరి సంఖ్య 5 లక్షలు దాటింది. అప్పటి నెల్లూరు జిల్లా జనాభాలో షెడ్యూల్డు తెగల వారు సుమారు 9.6 శాతం, అందులో అత్యధికులు యానాదులే. "అనాది" అనే మాట నుండి ఈ పేరు వచ్చిందని ఒక అభిప్రాయం. చేపలు పట్టడం, పొలాలలో ఎలుకలు పట్టడం, తోటలకు, చెరువులకు కావలి కాయడం, మూలికా వైద్యం వీరి సంప్రదాయ వృత్తులు. వీరి ఇంటి దేవుడు చెంచు దేవుడని ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలో వ్రాశాడు.

బ్రిటిషు ప్రభుత్వం యానాదులను నేరస్థ తెగల జాబితాలో చేర్చింది. ఆ ముద్ర తొలగించడానికి నెల్లూరుకు చెందిన వెన్నెలకంటి రాఘవయ్య జీవితాంతం కృషి చేశాడు. ఆయన యానాదుల గురించి గ్రంథం కూడా రచించాడు. నేరస్థ తెగల చట్టం దేశమంతటా 1952లో రద్దయింది.

ఇంత పెద్ద తెగ ఉన్నప్పటికీ నెల్లూరు జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతం ఒక్క గ్రామం కూడా లేదు. కనుక 1/70 చట్టం, సమతా తీర్పు, పెసా ఇక్కడ వర్తించవు. యానాదుల కోసం నెల్లూరు కేంద్రంగా సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ఉన్నది. అది సంక్షేమ పథకాలు అమలు చేస్తుంది గాని భూమి మీద గ్రామసభకు అధికారం ఇవ్వదు. వీరికి ప్రభుత్వం ఇచ్చిన భూమికి రక్షణ 1977 నాటి అసైన్డు భూముల చట్టమే. ఆ చట్టాన్ని 2023లో సవరించి, ఇచ్చి 20 ఏళ్ళు దాటిన భూములను అమ్ముకునే వీలు కల్పించారు. తీరం వెంబడి పర్యాటక విడిదులు పెరిగే కొద్దీ ఈ తేడా విలువ తెలుస్తుంది. మన్యంలో గిరిజనుని భూమి కొనడం నేరుగా చెల్లదు. ఇక్కడ అటువంటి అడ్డు లేదు.

శ్రీహరికోట

పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి మధ్య ఉన్న శ్రీహరికోట ద్వీపం యానాదుల పాత నివాసం. 1835లో ఈ ద్వీపం ప్రభుత్వం చేతికి వచ్చింది. యానాదులు అటవీ ఉత్పత్తులు సేకరించి ఇచ్చి, బదులుగా తిండి, గుడ్డ పొందేవారు. 1969లో ఈ ద్వీపాన్ని రాకెట్ల ప్రయోగ కేంద్రంగా ఎంపిక చేశారు. 1971 అక్టోబరులో ఇక్కడి నుండి మొదటి రోహిణి రాకెట్టును ప్రయోగించారు. 2002లో కేంద్రానికి సతీష్ ధావన్ పేరు పెట్టారు. జనసంచారం తక్కువ కావడం ఈ ద్వీపాన్ని ఎంచుకోవడానికి గల కారణాలలో ఒకటి. ఆ తక్కువ మందిలో యానాదులు ఉన్నారు. కేంద్రం ఏర్పాటుతో వారు తిరిగిన అడవి, మడుగులు రక్షిత ప్రాంతంలోకి వెళ్ళాయి.

2019లో ప్రయోగాలను ప్రజలు చూడటానికి వీక్షణ గ్యాలరీ ప్రారంభించారు. ఆ విధంగా ద్వీపం మళ్ళీ సందర్శకులకు తెరుచుకుంది. వారు అక్కడ చూసేది అంతరిక్ష విజయాలను. ద్వీపం పూర్వ నివాసుల కథ చెప్పడానికి తగిన స్థలం కూడా అదే.

పక్షుల పండుగ, తీర పర్యాటకం

నేలపట్టు పక్షుల అభయారణ్యం 1976లో ఏర్పడింది. గూడబాతులు ఇక్కడ గుడ్లు పెట్టి పిల్లలను పెంచుతాయి. పులికాట్ సరస్సుకు శీతాకాలంలో ఫ్లెమింగోలు వస్తాయి. 2001 నుండి సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో పండుగ జరుపుతున్నారు. మధ్యలో కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో తిరిగి జరిగింది. సూళ్ళూరుపేట ప్రాంతం 2022 నుండి తిరుపతి జిల్లాలో ఉంది.

కేంద్ర ప్రభుత్వ స్వదేశ్ దర్శన్ పథకం క్రింద 2015-16లో నెల్లూరు జిల్లాకు తీర పర్యాటక వలయం మంజూరయింది. పులికాట్, ఉబ్బలమడుగు జలపాతం, నేలపట్టు, కొత్తకోడూరు, మైపాడు, రామతీర్థం, ఇసకపల్లి అందులోని ప్రదేశాలు. ఈ పథకంలోనే "గిరిజన వలయం" అనే మరొక విభాగం ఉంది. తెలంగాణలోని ములుగు, మేడారం, బొగత జలపాతం ఆ విభాగంలోకి వచ్చాయి. యానాదులు అత్యధికంగా నివసించే నెల్లూరు మాత్రం "తీరం" అయింది. వలయానికి పెట్టిన పేరులో ప్రకృతి ఉన్నది, ప్రజలు లేరు.

బుచ్చిరెడ్డిపాలెం పరిసరాలు

నెల్లూరుకు వాయవ్యంగా ఉన్న బుచ్చిరెడ్డిపాలెం పెన్నా ఆయకట్టు క్రింది వరి ప్రాంతం. 2020లో ఇది నగర పంచాయితీ అయింది. కోదండరామ స్వామి ఆలయం, సమీపంలోని కనిగిరి రిజర్వాయరు, పెన్న ఒడ్డున జొన్నవాడ కామాక్షి ఆలయం సందర్శకులను ఆకర్షిస్తాయి. ఇక్కడి పర్యాటకం ప్రధానంగా తీర్థయాత్రే. చుట్టుప్రక్కల గ్రామాల శివార్లలో, కాలువ గట్ల వెంబడి యానాదుల కాలనీలు కనిపిస్తాయి. వరి కోతల కాలంలో ఎలుకలను పట్టడానికి రైతులు వీరినే పిలుస్తారు. కన్నాలలో ఒకటి తప్ప మిగతావన్నీ మూసి, కుండలో గడ్డి రాజేసి పొగ ఊదడం వీరి పద్ధతి. మందు వాడకం లేని ఈ నైపుణ్యం నీటి పారుదల ప్రాంతపు వ్యవసాయానికి ఎంతో మేలు చేసినది. దానిని కళగా గాని, విజ్ఞానంగా గాని చూపే ఏర్పాటు మాత్రం థింసాకు ఉన్నట్లుగా లేదు. చూడటానికి అందంగా ఉన్నదే సంస్కృతి అనుకోవడం వలన కలిగే లోపం ఇది.

జిల్లాలోని పెంచలకోనలో నరసింహ స్వామి చెంచులక్ష్మిని వివాహమాడాడని స్థల పురాణం. అందుకు అలిగిన ఆదిలక్ష్మి అమ్మవారు ఏటికి ఆవల వెలిసిందంటారు. ఆదివాసీ వధువు కథ ఆ క్షేత్ర మహిమలో భాగమై యాత్రికులను రప్పిస్తున్నది.

యానాదులకు దగ్గరి పోలిక గల ఇరులర్ తెగ నుండి ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. చెన్నై దక్షిణాన వడనెమ్మేలి వద్ద ఇరులర్ పాములవారి సహకార సంఘం 1978లో ఏర్పడింది. రోములస్ విటేకర్ దీనికి తోడ్పడ్డాడు. పాముల చర్మాల వ్యాపారం నిషేధించిన తరువాత జీవనోపాధి కోల్పోయిన ఇరులర్లు, పాములను పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో వదిలిపెట్టే పని చేపట్టారు. ఆ విషం పాముకాటు మందు తయారీకి ఉపయోగపడుతుంది. విషం తీసే విధానాన్ని రుసుము చెల్లించి సందర్శకులు చూడవచ్చు. సంఘం సభ్యులే యజమానులు, వారు చూపేది తమ నిజమైన పనిని. 2023లో ఈ తెగకు చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు పద్మశ్రీ లభించింది. నెల్లూరు యానాదులకు ఇటువంటి సంఘం ఏర్పడటానికి షెడ్యూల్డు ప్రాంతం హోదా అవసరం లేదు.

ఇతర ప్రాంతాలు

తెలంగాణలో రెండేళ్ళకు ఒకసారి జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరను 1996లో రాష్ట్ర పండుగగా ప్రకటించారు. కోయ పూజారులే వనం నుండి కుంకుమ భరిణెను, వెదురును గద్దెలకు తీసుకువస్తారు. లక్షలాది మంది గిరిజనేతరులు వచ్చినా మూల క్రతువు పూజారుల చేతిలో ఉండటం ఈ జాతర ప్రత్యేకత. ఏర్పాట్లు, హుండీ లెక్కలు మాత్రం దేవాదాయ శాఖవి.

అండమాన్ దీవులలో జరావాల అభయారణ్యం గుండా వెళ్ళే ట్రంకు రోడ్డు మీద పర్యాటకులు వారిని జంతువులను చూసినట్లు చూడటం, ఆడించి వీడియోలు తీయడం 2012లో బయటపడి తీవ్ర విమర్శకు గురయింది. 2013 జనవరిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో పర్యాటకుల రాకపోకలను ఆపింది, ఆ మార్చిలో సడలించింది. ఆస్ట్రేలియాలో దీనికి భిన్నమైన దారి కనిపిస్తుంది. ఉలురు శిల 1985 అక్టోబరు 26న అనంగు ప్రజలకు తిరిగి అప్పగించబడింది. వారు దానిని 99 ఏళ్ళకు జాతీయ ఉద్యానవనానికి లీజుకు ఇచ్చారు. ప్రవేశ రుసుములో నాలుగవ వంతు వారికి చెందుతుంది. తమకు పవిత్రమైన ఆ శిలను ఎక్కవద్దన్న వారి కోరిక 2019 అక్టోబరు 26 నుండి నియమం అయింది. శిల ఎక్కడం మానిపించిన తరువాత కూడా దానిని చూడటానికి యాత్రికులు వెళుతూనే ఉన్నారు.

ఇటీవలి విధానాలు

2024లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన గిరిజన గ్రామాల అభివృద్ధి పథకంలో భాగంగా దేశవ్యాప్తంగా 1,000 గిరిజన గృహ విడిదులు ఏర్పాటు చేయాలని నిర్ణయించారు. కొత్త గదుల నిర్మాణానికి కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు, ఉన్న ఇంటి మరమ్మత్తుకు 3 లక్షల వరకు, గ్రామ ఉమ్మడి అవసరాలకు 5 లక్షల వరకు సహాయం ఇందులో ఉంది. అతిథి రుసుము నేరుగా ఇంటివారికి చేరే అవకాశం ఉండటం దీని మేలు. పడకగది, మరుగుదొడ్డి ప్రమాణాలు అందుకోగలిగిన కాస్త స్థిరపడిన కుటుంబాలకే ఇది అందుబాటులో ఉంటుంది. సొంత ఇల్లు, పట్టా లేని యానాది కుటుంబం దీనికి దరఖాస్తు చేయడం కష్టం.

అదే సంవత్సరం డిసెంబరులో వచ్చిన రాష్ట్ర పర్యాటక విధానం 2024-29 ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చి, ప్రైవేటు పెట్టుబడులకు రాయితీలు ప్రకటించింది. షెడ్యూల్డు ప్రాంతాలలో ఆ పెట్టుబడిదారు భూమిని ఏ పద్ధతిలో పొందగలడన్నది 1/70 చట్టం, 1997 తీర్పుల పరిధిలోనే తేలవలసి ఉంటుంది. 2025లో అరకులో మూడు రోజుల చలి ఉత్సవం జరిగింది. మన్యం పలు తెగల నృత్యాలతో పాటు ఇతర రాష్ట్రాల గిరిజన కళాకారులు కూడా అందులో పాల్గొన్నారు.